బంగారు పాము చెప్పిన సాక్ష్యము

హన్మకొండనుండి కరీంనగరమునకు పోవు మార్గమున హసన్‌పర్తి యను ఊరు కలదు. ఆ ఊరియందును, చుట్టుపట్ల పల్లెలయందును వానకాలము వచ్చినచో జాగ్రత్తగల పెద్దలు పిల్లలను వట్టినేలపై పరుండనీయరు. కట్లపాము రాత్రివేళ సంచరించు ప్రాణి. ఎలుకలను, చిన్న పాములను వెదకుచు అది ఇండ్లలోనికి వచ్చి, నిద్రించువారిని కరచును. దాని కాటు చీమ కుట్టినట్లే యుండుటచే చాలమంది దాని నెరుగక, తెల్లవారునప్పటికి ప్రాణాపాయములో పడుదురు. కావున కట్లపాము పేరు విన్నంతనే భయము కలుగుట సహజము. ఆ జాతి పామువలన మానవులకు గొప్ప మేలు కలిగినదని చెప్పినచో ఎవరును సులభముగా నమ్మరు.

కట్లపామునకు దగ్గరి చుట్టము బంగారు పాము. దాని శరీరముపై నలుపు, పసుపు పట్టెలు ఒకదాని తరువాత నొకటిగా నుండును. పదునెనిమిదవ శతాబ్దాంతమున పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు విశాఖపట్టణ ప్రాంతమున నివసించుచు, తూర్పు సముద్రతీరమందలి పాములను సేకరించి, వానిపై 1796లో ఒక బృహద్గ్రంథమును ప్రకటించెను. ఇచటి జనులు ఏ పామును ఏ పేరుతో పిలుచుచుండిరో అడిగి తెలిసికొని, ఆ పేర్లనే ఆయన తన గ్రంథమునందు వ్రాసికొనెను. అందుచేతనే కట్లపాములు, బంగారు పాములు చేరిన ప్రజాతికి శాస్త్రజ్ఞులు ‘బంగారస్’ అను పేరు పెట్టిరి. లాటిన్ తొడుగు తొడిగినను లోపలి మాట మన బంగారమే. ప్రపంచమున నెచ్చట ఈ పామును గూర్చి వ్రాసినను తెలియకయే ఒక తెలుగుమాటను వ్రాయుచున్నారు.

ఈ బంగారు పాము శరీరమునుండి తీసిన అతిసూక్ష్మమైన పదార్థమొకటి, దాదాపు రెండువందల సంవత్సరముల తరువాత, మన దేశపు న్యాయస్థానమున ఒక బిడ్డ పక్షమున సాక్ష్యము చెప్పినది. ఆ సాక్ష్యమును పలికించిన శాస్త్రజ్ఞుడు డాక్టరు లాల్జీ సింగ్. ఆయన హైదరాబాదు నగరమున ఇరువది సంవత్సరములకు పైగా పనిచేసి, మన రాష్ట్రమునకు కీర్తి తెచ్చిన అణుజీవశాస్త్రవేత్త.

లాల్జీ సింగ్ 1947 జూలై 5వ తేదీన, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చుటకు ఆరు వారములకు ముందు, ఉత్తరప్రదేశమందలి జౌన్‌పూరు జిల్లాలోని కల్వారి యను పల్లెలో ఒక రైతు కుటుంబమున జన్మించెను. పల్లెటూరి చదువు ముగించి ఉన్నత విద్యకై కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చేరెను. అచట ఎస్. పి. రాయ్ చౌధురి యను ఆచార్యుని యొద్ద పాముల క్రోమోసోములను గూర్చి పరిశోధన చేసి, 1971లో డాక్టరు పట్టము పొందెను. పొలములు, కాల్వలు గల పల్లెలో పెరిగినవారికి పాములు క్రొత్తవి కావు. కాని పామును చూచి తొలగిపోవుట వేరు, దాని రక్తకణమును సూక్ష్మదర్శినిలో నుంచి గంటల తరబడి చూచుట వేరు.

క్రోమోసోములనగా నేమి? మన శరీరము కోటానుకోట్ల కణములతో నేర్పడినది. దాదాపు ప్రతి కణమునందును నడుమ కేంద్రకమొకటి యుండును. దానియందు దారపుముక్కలవంటి పదార్థము లుండును. ఇవియే క్రోమోసోములు. మానవుని కణమునందు ఇవి నలుబదియారు. అనగా ఇరువది మూడు జతలు. ప్రతి జతలోను ఒకటి తల్లినుండి, మరియొకటి తండ్రినుండి బిడ్డకు సంక్రమించును. ఇరువదిరెండు జతలు స్త్రీపురుషులలో ఒక్క తీరుననే యుండును. చివరి జత మాత్రము స్త్రీలో రెండు ఎక్స్ క్రోమోసోములుగను, పురుషునిలో ఒక ఎక్స్, ఒక వై క్రోమోసోముగను ఉండును. తల్లి ఎప్పుడును ఎక్స్‌నే ఇచ్చును. తండ్రినుండి ఎక్స్ వచ్చినచో ఆడుబిడ్డ, వై వచ్చినచో మగబిడ్డ. ఆడుపిల్లను కన్నదని కోడలిని నిందించు ఇండ్లు మన దేశమున ఇంకను కలవు. ఈ ఒక్క విషయము తెలిసికొన్నచో ఆ నింద ఎంత అన్యాయమో వారికే బోధపడును.

పెక్కు పాములలో ఈ ఏర్పాటు తలక్రిందులు. వానిలో మగదానికి రెండు జెడ్ క్రోమోసోములుండును. ఆడుదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యు ఉండును. అనగా పిల్ల ఆడుదో మగదో నిర్ణయించునది తల్లియే. పక్షులలోను ఇట్లే యుండును. అయితే అన్ని పాములలోను ఈ భేదము ఒక్క రీతిగా కనబడదు. కొండచిలువలో ఆడుమగలను నిర్ణయించు క్రోమోసోముల జత కవలపిల్లలవలె నుండును. సూక్ష్మదర్శినిలో ఎంత చూచినను ఏది యేదియో తెలియదు. త్రాచు, కట్లపాము మొదలగు విషసర్పములలోనో, డబ్ల్యు క్రోమోసోము తన జతదానినుండి స్పష్టముగా వేరుపడి యుండును. ఒకప్పుడు సమానముగా నుండిన జత, కాలక్రమమున ఎట్లు వేరైనది? ఈ మార్పులోని మెట్లన్నియు ఇంకను బ్రదికియున్న పాములలోనే కానవచ్చుచున్నవి గదా! యువకుడగు లాల్జీ సింగును ఆకర్షించిన ప్రశ్న ఇదియే. దీనివలన ఎవరికైనను లాభము కలుగునా యని ఆనాడు అడిగినచో, ఆయన యొద్ద సమాధానము ఉండెడిది కాదు.

1974లో ఆయన కామన్‌వెల్త్ వేతనముపై స్కాట్లండునందలి ఎడింబరో విశ్వవిద్యాలయమునకు పోయెను. పాట్రిక్ రస్సెల్ జన్మించిన నగరముకూడ అదియే యగుట ఒక చిత్రము. అచట కెన్ జోన్స్ అను శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో పనిచేయుచు, లాల్జీ సింగ్ ఆడు బంగారు పాము డి.ఎన్.ఏ.ను పరీక్షించెను.

క్రోమోసోములలో నుండు ముఖ్యపదార్థమే డి.ఎన్.ఏ. అది మెలివేసిన రెండు పేటల త్రాడువంటిది. ఆ త్రాటిపై ఎ, జి, సి, టి అను నాలుగే రసాయన అక్షరములు మరల మరల వచ్చుచుండును. ఒక పేటలో ఎ ఉన్నచోట రెండవ పేటలో టి ఉండును. జి ఉన్నచోట సి ఉండును. ఈ నియమమునకు తప్పులేదు. తల్లినుండి వచ్చినవి, తండ్రినుండి వచ్చినవి వేరువేరుగా లెక్కించినచో ఒక్కొక్క భాగమున సుమారు మూడువందల కోట్ల అక్షరములుండును. మన తెలుగుభాషకు ఏబదియారు అక్షరములు కావలసివచ్చెను. ప్రకృతి నాలుగక్షరములతోనే గడ్డిపరకను, ఏనుగును, మానవుని వ్రాసినది.

డి.ఎన్.ఏ.ను ముక్కలు చేసి, తగిన ద్రావణములో నుంచి అతివేగముగా త్రిప్పినచో, బరువును బట్టి అది వేరువేరు పొరలుగా ఏర్పడును. ధాన్యమును చెరిగినప్పుడు గింజ యొకవైపు, తాలు ఒకవైపు చేరినట్లే. బంగారు పాము డి.ఎన్.ఏ.లో అధికభాగము ఒక పెద్ద పొరగా నిలిచెను. దాని ప్రక్కన చిన్న పొర యొకటి వేరుగా కానవచ్చెను. పెద్ద గ్రహము ప్రక్కనుండు ఉపగ్రహమువలె నుండుటచే ఇట్టిదానిని ఉపగ్రహ డి.ఎన్.ఏ. అందురు. బంగారు పాము ఆంగ్లనామములోని అక్షరములను గ్రహించి దీనికి బి.కె.ఎం. అని పేరిడిరి. ఇది ఆడుపాము డబ్ల్యు క్రోమోసోమునందు విస్తారముగా నుండెను. లాల్జీ సింగ్, జోన్స్ మొదలగువారు ఈ సంగతిని 1980లో ప్రకటించిరి. అంతటితో నిలువక వారు ఇతర ప్రాణులలో వెదకగా, ఎలుకలోను అది కనబడెను. మగ ఎలుకయొక్క వై క్రోమోసోమునందు అది ప్రత్యేకముగా చేరియుండెను. పాములో ఆడుదానియందు, ఎలుకలో మగదానియందు! మానవులలోనో, అది ఒక్కచోట గాక అనేక క్రోమోసోములపై చెదరియుండెను.

ఈ బి.కె.ఎం.లో నున్న వ్రాత ఏమి? చదివి చూడగా అది ఒక చిన్న మాటయొక్క పునరుక్తియని తేలెను. జి, ఎ, టి, ఎ, జి, ఎ, టి, ఎ, మరల అదియే. శాస్త్రజ్ఞులు దీనిని ‘గాటా’ అని చదువుదురు. ఎక్కము వల్లించు బాలుడు నడుమ నిద్రవచ్చి ఒకే మాట పలుకుచున్నట్లుండును. ఈ పునరుక్తికి అర్థమేమియో తెలియకపోయినను ఒక విశేషము గలదు. ఒకని డి.ఎన్.ఏ.లో ఒక స్థానమున ఈ మాట పదిసార్లు వచ్చినచో, మరియొకనిలో అదే స్థానమున పదునాలుగు సార్లు రావచ్చును. ఇంకొకనిలో ఏడే యుండవచ్చును. ఇట్టి స్థానములు అనేకములు. ఒక స్థానమున ఇద్దరికి సరిపోవచ్చును, రెండవదానిలోను సరిపోవచ్చును. అన్నిటియందును సరిపోవుట, ఏకరూపులగు కవలలలో దప్ప, జరుగనేరదని చెప్పదగినంత అరుదు. తల్లియు తండ్రియు చెరిసగము ఇచ్చుటచే ఒక్క ఇంటి అన్నదమ్ములకైనను ఈ లెక్క ఒక్కటి కాదు.

ఈ భేదమును మొదట గుర్తించి లోకమునకు చూపినవాడు ఆంగ్లదేశీయుడగు ఆలెక్ జెఫ్రీస్. లెస్టర్ విశ్వవిద్యాలయమున 1984 సెప్టెంబరులో ఆయన వేరొక విధమగు పునరుక్తులతో దీనిని కనుగొని, మరుసటి సంవత్సరము ప్రకటించెను. వ్రేలిముద్రవలె ఇది మనుజునకొక్కటిగా నుండుటచే ‘డి.ఎన్.ఏ. వ్రేలిముద్ర’ యను పేరు వచ్చినది. దాని తొలి యుపయోగములలో ఒకటి స్మరింపదగినది. లెస్టర్ సమీపమున ఇద్దరు బాలికలు హత్యకు గురియైరి. రక్షకభటులు ఒక పదునేడేండ్ల యువకుని పట్టుకొనిరి. అతడు ఒక హత్యను తానే చేసితినని ఒప్పుకొనెనుకూడ. 1986లో జెఫ్రీస్ పరీక్షింపగా, ఇద్దరిని చంపినవాడు ఒక్కడేయనియు, ఈ యువకుడు వాడు కాడనియు తేలెను. నోటితో ఒప్పుకొన్నవానిని రక్తము నిర్దోషియని నిలబెట్టినది. అసలు దోషి తరువాత పట్టుబడి 1988లో శిక్ష ననుభవించెను.

అయితే ఆ విధానముపై హక్కులు ఆంగ్లదేశమందలి వాణిజ్యసంస్థ చేతిలో నుండెను. మన దేశమున ఒక బీదరాలు న్యాయస్థానమున తన మాట ఋజువు చేసికొనవలెనన్నచో సముద్రము దాటి పోగలదా? ఇచ్చటనే, మన చేతులతోనే ఆ పని జరుగవలసియుండెను.

అప్పటికి హైదరాబాదులో కణ, అణు జీవశాస్త్ర కేంద్రము వెలసియుండెను. సి.సి.ఎం.బి. అని లోకము దానిని పిలుచును. 1977లో దానిని స్థాపించి నడపినవాడు డాక్టరు పుష్ప మిత్ర భార్గవ. ఆయనయు ఉత్తరదేశీయుడే. అజ్మీరులో జన్మించి, హైదరాబాదును తన ఊరుగా చేసికొని, తుదివరకు అచటనే నివసించెను. ప్రతిభ గలవారు ఏ దేశముననున్నను వెదకి పిలిపించుట ఆయన స్వభావము. ఆయన పిలుపుపై లాల్జీ సింగ్ పదుమూడు సంవత్సరముల ఎడింబరో వాసమును విడచి 1987లో హైదరాబాదు చేరెను. ఆ యేడు నవంబరు 26న కేంద్రముయొక్క నూతన భవనములను అప్పటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధి జాతికి అంకితము చేసెను.

1988 నాటికి లాల్జీ సింగ్, బంగారు పాము బి.కె.ఎం.నుండి తీసిన తునకతో మానవుల డి.ఎన్.ఏ. వ్రేలిముద్రలను తీయు విధానమును సిద్ధపరచెను. ఆ పని ఎట్లు జరుగునో కొంచెము వివరముగా తెలిసికొనదగును.

మొదట కొన్ని చుక్కల రక్తమునుండి డి.ఎన్.ఏ.ను వేరుచేయుదురు. తరువాత ఎంజైము అను కత్తెరతో దానిని కోయుదురు. ఈ కత్తెర తోచినచోట కోయదు. నిర్ణీతమగు అక్షరముల వరుస కనబడినచోటనే కోయును. రెండు కోతల నడుమ గాటా యను మాట ఎక్కువసార్లున్నచో ముక్క పొడవగును, తక్కువసార్లున్నచో పొట్టిదగును. ఈ ముక్కలను మెత్తని గుజ్జుపలకయొక్క ఒక కొనయందుంచి విద్యుత్తును పంపుదురు. చెరువులో వల లాగునప్పుడు చిన్న చేపలు వలకన్నులలోనుండి చులకనగా జారిపోవును, పెద్దవి చిక్కుపడును. అట్లే పొట్టిముక్కలు గుజ్జులోని రంధ్రములగుండ దూరము పోవును, పొడవైనవి వెనుకబడును. పిదప ఆ ముక్కలను ఉన్నవి ఉన్నట్లు ఒక పలుచని పొరమీదికి ఎక్కించి, రెండు పేటలను విడదీయుదురు. ఇప్పుడు పాము తునక పని మొదలగును. దానికి రేడియో ధార్మికశక్తి గల పదార్థమును చేర్చి, ఆ పొరపై పోయుదురు. ఎ ఎదుట టి, జి ఎదుట సి యను నియమము చేత ఆ తునక పోయి గాటా మాట ఉన్న ముక్కలనే పట్టుకొనును, తక్కినవానిని తాకదు. దానిపై ఎక్స్‌రే ఫిల్మునుంచినచో, తునక అంటుకొన్నచోటులందెల్ల నల్లని అడ్డగీతలు పడును. నిచ్చెనమెట్లవలె కానవచ్చు ఆ గీతల వరుసయే ఆ మనుజుని ముద్ర.

తల్లి, బిడ్డ, తండ్రియని చెప్పబడువాడు, ఈ ముగ్గురి గీతలను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. బిడ్డయొక్క ప్రతి గీతయు తల్లివద్దగాని తండ్రివద్దగాని ఉండితీరవలెను. తల్లివద్దనున్న గీతలను కొట్టివేయగా మిగిలినవన్నియు తండ్రినుండి వచ్చినవే. అవి ఎదుటివానిలో నున్నవా, లేవా? ప్రశ్న యింతే. ఇంతకుముందు రక్తవర్గములతో పరీక్ష చేయుచుండిరి. కాని రక్తవర్గములు కొన్ని మాత్రమే యగుటచే ఆ పరీక్ష ‘ఇతడు తండ్రి కాడు’ అని కొన్నివేళల చెప్పగలదు గాని, ‘ఇతడే తండ్రి’ యని ఎన్నడును చెప్పజాలదు.

కేరళమందలి తలచ్చేరి న్యాయస్థానమున అట్టి వ్యాజ్యమొకటి నడచుచుండెను. ఒక పల్లెటూరి యువతి తన బిడ్డకు తండ్రి ఫలానావాడని చెప్పి, బిడ్డ పోషణకు వ్యయమిప్పింపుమని కోరెను. ఆతడు తనకేమియు తెలియదనెను. ఆమె మాట యొకటి, ఆతని మాట యొకటి. లోకమున నిట్టి తగవులలో మగవాని మాటయే నెగ్గుచు వచ్చినదని వేరుగా చెప్పనక్కరలేదు. ముగ్గురి రక్తమును హైదరాబాదునకు పంపి పరీక్షింపగా, తల్లి గీతలు పోను మిగిలిన బిడ్డ గీతలు ఆతని గీతలతో సరిపోయెను. న్యాయాధిపతి దానిని నిపుణుని సాక్ష్యముగా అంగీకరించి, యువతి పక్షమున తీర్పు చెప్పెను. ఆతడు పై న్యాయస్థానమునకు పోయినను 1991లో కేరళ ఉన్నత న్యాయస్థానము ఆ తీర్పును నిలబెట్టెను. పితృత్వ వివాదమున డి.ఎన్.ఏ. సాక్ష్యము మన దేశమున చెల్లుట ఇదియే మొదలు. ఆ పసివానికి దొరకినది నెలకింత యని పోషణ మాత్రమే కాదు. తన తల్లి అబద్ధమాడలేదని పదిమంది ఎదుట చెప్పగల ఆధారము దొరకినది.

అదే 1991వ సంవత్సరము మే 21న తమిళదేశమందలి శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధి హత్య జరిగెను. నాలుగేండ్లకు పూర్వము తాను అంకితము చేసిన ప్రయోగశాలయే, పేలుడు పదార్థమును దేహమున కట్టుకొని వచ్చిన స్త్రీ శరీరభాగములను గుర్తించుటలో తోడ్పడవలసి వచ్చునని ఎవరూహింపగలరు? 1995లో ఢిల్లీ నగరమున ఒక స్త్రీని చంపి, దేహమును భోజనశాల పొయ్యిలో కాల్చివేసినప్పుడు, ఆ శవము ఎవరిదో తేల్చినదియు తల్లిదండ్రుల డి.ఎన్.ఏ.తో చేసిన పోలికయే. ఇట్టి అభ్యర్థనలు దేశము నలుమూలలనుండి వచ్చుచుండుటచే, కేంద్రప్రభుత్వము 1990వ దశకమున హైదరాబాదులోనే డి.ఎన్.ఏ. వ్రేలిముద్రల కొరకు ప్రత్యేక కేంద్రమును నెలకొల్పెను. దాని తొలినాళ్ల బాధ్యతయు లాల్జీ సింగుదే.

ఈ సాక్ష్యమునకు హద్దులు లేకపోలేదు. ఒకచోట ఒకని రక్తమున్నదని మాత్రమే అది చెప్పును. ఆతడు అచటికి ఏల వచ్చెనో, ఏమి చేసెనో చెప్పదు. రక్తమును సేకరించునప్పుడు రెండు నమూనాలు కలిసిపోయినచో, చీటీలు తారుమారైనచో, ఎంత గొప్ప యంత్రమైనను తప్పే చెప్పును. మరియు బిడ్డ పుట్టుకను గూర్చి అడిగినదే తడవుగా పరీక్షలు చేయించుట తగదని, దానివలన తల్లీబిడ్డలకు అపకీర్తి కలుగవచ్చునని 1993లో సర్వోన్నత న్యాయస్థానము హెచ్చరించెను. ఇది మంచి హెచ్చరిక. సత్యమును తేల్చు సాధనమును కుతూహలము తీర్చుకొనుటకు వాడరాదు. నేరపరిశోధనలో డి.ఎన్.ఏ. వివరములను ఎట్లు భద్రపరుపవలెనో నిర్ణయించు చట్టమునకై 2019లో లోక్‌సభలో బిల్లు ప్రవేశపెట్టబడెను గాని, 2023లో అది ఉపసంహరింపబడినది. ఒకరి పుట్టుక, వంశము, రోగములు తెలుపు సమాచారము ఎవరి చేతిలో నుండవలెనను ప్రశ్నపై అప్పుడు పెద్ద చర్చ జరిగెను.

పాము తునకతో ముద్రలు తీయు విధానము నేడు వాడుకలో లేదు. దానికి రక్తము కొంత హెచ్చుగా కావలెను, దినములు పట్టును. ఇప్పుడు ఒక్క వెంట్రుకకుదురునుండియైనను డి.ఎన్.ఏ.ను గ్రహించి, యంత్రములో దానిని లక్షల ప్రతులుగా పెంచి, గంటలలో ఫలితమును చెప్పుచున్నారు. అయితే ఇప్పుడును లెక్కించునది పునరుక్తులనే. ప్రపంచమంతట పరీక్షకై ఎన్నుకొన్న స్థానములలో పెక్కింటియందు నాలుగక్షరముల మాటలే వచ్చును. గాటా మాటయు అందులో కలదు.

లాల్జీ సింగ్ 1998నుండి 2009వరకు సి.సి.ఎం.బి.కి అధిపతిగా నుండెను. ఆ కాలమున పరిశోధన మానవులనుండి వన్యమృగములకును విస్తరించెను. అడవి జంతువులను చంపి మాంసమును అమ్మువారు పట్టుబడినప్పుడు అది మేకమాంసమనియో, గొర్రెమాంసమనియో బొంకుట వాడుక. తల, చర్మము, కొమ్ములు లేని ముక్కను చూచి ఏ జంతువుదో ఎట్లు చెప్పుట? ఏ జంతువు మాంసమునకైనను పనికివచ్చు ఒకే డి.ఎన్.ఏ. పరీక్షను ఆయనయు, ఆయన సహచరులును రూపొందించిరి. చిటికెడు మాంసమైనను, ఎండిన చర్మపుముక్కయైనను చాలును, అది దుప్పియో, పులియో, కృష్ణజింకయో తేలిపోవును. హైదరాబాదునందలి అత్తాపూరులో అంతరించిపోవు జంతువుల రక్షణకై ఒక ప్రయోగశాల వెలసినది. 2007లో దానిని రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించెను.

అండమాను దీవులలో ఒంగే మొదలగు కొద్దిమంది ఆదివాసులు కలరు. వారి పూర్వు లెవరు, ఎప్పుడు వచ్చిరి అనుదానిపై చాల వాదములుండెను. లాల్జీ సింగ్, ఆయన సహచరుడగు కుమారస్వామి తంగరాజ్ మొదలగువారు వారి డి.ఎన్.ఏ.ను పరీక్షించి, ఆఫ్రికానుండి తొలుత బయలుదేరిన మానవుల సంతతి వారనియు, వేలకొలది తరములు, అనగా ఏబదివేల సంవత్సరములకు పైగా, ఇతరులతో పొత్తులేక జీవించిరనియు 2005లో తెలిపిరి. 2009లో అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి ఇరువదియైదు జనసమూహములకు చెందిన 132 మంది భారతీయులను పరీక్షించి, మరియొక సంగతిని బయటపెట్టిరి. ప్రాచీనమగు రెండు మూలజనములు కలియుటచే నేటి భారతీయులలో దాదాపు అందరును ఏర్పడిరి. కాశ్మీరమువానిలోను, తెలుగువానిలోను ఆ రెండు పాయలును కలవు, పాళ్లు మాత్రమే వేరు. ప్రాచీన సమాధులలోని ఎముకల పరిశోధన తరువాతి కాలమున ఈ చిత్రమును ఇంకను సవరించినదిగాని, కలయిక జరిగెనను మాటను చెరిపివేయలేదు.

ఆ పరిశోధనయందే వైద్యులకు పనికివచ్చు విషయ మొకటి తేలెను. తమలో తామే వివాహములు చేసికొనుచు తరములకొలది వేరుగా నుండిపోయిన సమూహములలో, కొన్ని జన్యులోపములు ఇతరులలోకంటె హెచ్చుగా నిలిచిపోవును. పెద్ద చెరువులో ఒక చుక్క సిరా కనబడదు, చిన్న కుండలో కనబడును. మన దేశమున ఇట్టి సమూహములు వేలకొలది. కావున ఏ లోపము ఎవరిలో నున్నదో ముందుగా తెలిసికొనుట పసిపిల్లల ప్రాణములకు సంబంధించిన విషయము. పల్లెలలోని బీదలకు ఇట్టి పరీక్షలు అందవలెనని లాల్జీ సింగ్ జీనోమ్ ఫౌండేషను అను సంస్థను స్థాపించెను.

2004లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చెను. 2011లో, తాను చదువుకొన్న కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకే ఆయన ఉపాధ్యక్షుడయ్యెను. మూడేండ్లు ఆ పదవిలో నుండి ఒక్క రూపాయి మాత్రమే జీతముగా పుచ్చుకొనెను. 2017 డిసెంబరు 10న వారణాసిలో గుండెపోటువలన మరణించెను. ఆయనను హైదరాబాదునకు పిలిచిన భార్గవయు ఆ యేటనే, ఆగస్టు 1న, కన్నుమూసెను.

లాల్జీ సింగ్ విద్యార్థిగా నెత్తుకొన్న ప్రశ్నలో ఒక భాగము మిగిలియే యున్నది. పాముపిల్ల ఆడుదియో మగదియో నిర్ణయించు జన్యువు ఏది? అది జెడ్ మీద నున్నదా, డబ్ల్యు మీద నున్నదా? త్రాచుపాముయొక్క డి.ఎన్.ఏ. నంతను చదివిన తరువాతకూడ శాస్త్రజ్ఞులు దానిని వెదకుచునే యున్నారు.